ఐబీకే నడిచిందన్నారు

కత్తికి పదును పెట్టింది అత్తగారే. రాయి మీద అటూ ఇటూ తిప్పి నూరి, బొటనవేలి గోటికి ఆనించి చూసుకుని, గుడ్డలో చుట్టి మోకాలి కింద పెట్టుకుంది. పొయ్యి దగ్గర బోర్సోక్ వేయిస్తున్న బూరుల్ అదంతా చూస్తూనే ఉంది. కాగిన కొవ్వులో పిండిముక్కలు పొంగుతున్నాయి, పెరట్లో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. గుమ్మంలోంచి చూసినవాళ్ళెవరికైనా పండగ ఇల్లే. బూరుల్‌కి మాత్రం పొద్దుట్నుంచీ ఇది పండగలా లేదు.

"అపా, ఇంకొక్కసారి ఆలోచించండి," అంది గొంతు తగ్గించి. మా వైపు కోడళ్ళు అత్తగారిని అమ్మా అనే పిలుస్తారు, అపా అని. "పాప ఇంకా నిలబడనే లేదు."

"బంధం కొయ్యందే ఎట్లా నిలబడుతుందే?" అత్తగారు బత్మా తల ఎత్తలేదు. పిల్ల కాళ్ళకి కట్టి కొయ్యడానికి నల్లదారం, తెల్లదారం కలిపి తొడమీద తాడు పేనుతోంది. "గుర్రానికి ముందరికాళ్ళు కట్టేసి, ఎందుకు పరిగెత్తవే అంటే అదేం చెప్తుంది?"

"అందరూ అడుగులు పడ్డాకే కదా కోస్తారు."

"అందరి పిల్లలూ ఏడాదికే నడిచారు. మనది నడవలేదు. అందరూ చేసినట్టే చేస్తే మనకెట్లా కుదురుతుంది?"

"ఎల్లుండి కమిషన్ ఉంది."

"ఎల్లుండికి నడిచేస్తే ఇంక కమిషన్‌తో పనేముంది? వాళ్ళేదో జబ్బు పేరు పెడతారు పిల్లకి. ఆ పేరు దాని పెళ్ళిదాకా వెంటపడుతుంది. కొవ్వు మాడుతోంది, చూసుకో."

బూరుల్ చిల్లులగరిటెతో బోర్సోక్ దేవి పళ్ళెంలో పోసింది. చలికాలంలో జిల్లా ఊరి నుంచి దమీరా అనే ఆవిడ వచ్చి పాప ఐబీకేని చూసి వెళ్ళింది. డాక్టరు కాదు. ఎదుగుదల వెనకబడిన చిన్నపిల్లలకి కూచోవడం, నిలబడడం, మాట్లాడ్డం నేర్పే మనిషి. వారానికి రెండుసార్లు ఇంటికే వచ్చి నేర్పుతానంది. కాకపోతే ముందు జిల్లా డాక్టర్ల కమిషన్ సరేననాలి, అదీ పిల్లకి మూడేళ్ళు నిండకముందే. కమిషన్ వసంతంలో ఒకసారి, మంచు పడ్డాక ఇంకోసారి కూర్చుంటుంది. బంగాళాదుంపలు తవ్వే వేళకి ఐబీకేకి మూడేళ్ళు నిండిపోతాయి. ఈ వారం తప్పితే ఇంక ఆ తలుపు తెరుచుకోదు.

పెరట్లో మంచు కరిగి బురదగా ఉంది. గడ్డి పరిచి, దానిమీద ఉన్ని తివాచీ వేశారు. కొత్త కోటు తొడిగిన ఐబీకేని దానిమీద కూచోబెట్టి, బత్మా పిల్ల చీలమండలకి తాడు ఎనిమిది అంకెలా చుట్టి ముడేసింది. ఐబీకే ఆ తాడుని వేలితో పొడిచి చూసి నవ్వింది. వీధి చివరి నుంచి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. అందరికంటే ముందొచ్చిన జడల పిల్ల కత్తి తీసుకుని ఒక్క కోత కోసింది. తాడు తెగింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"నడిపించండి, నడిపించండి!" ఫోను ముందుకి చాపి అరిచింది పక్కింటి తాజికాన్. "ఇటు తిప్పు బత్మా, మొహం కనబడట్లా!"

బత్మా వెనకనుంచి వంగి, పిల్ల కోటు లోపలికి చేతులు పోనిచ్చి, చంకల కింద పట్టుకుని లేపింది. ఆవిడ దూదికోటు చేతులు వెడల్పు, పిల్ల కోటు ఇంకా వెడల్పు. రెండూ కలిసిపోయి పట్టు ఎక్కడుందో తెలియడం లేదు.

"అదిగో అడుగు! అదిగో ఇంకోటి! నడిచేసింది తల్లి!"

చాక్లెట్లు చల్లారు. పిల్లలు బురదలో పడి ఏరుకున్నారు. చప్పట్లు కొట్టని మనిషి బూరుల్ ఒక్కతే. తివాచీ దాటాక ఐబీకే బూట్ల కొనలు బురదలో గీసిన రెండు గీతలు ఆమెకి కనబడ్డాయి. అడుగు పడితే అడుగు గుర్తు ఉంటుంది, గీత ఉండదు. ఎవరైనా చూస్తారేమోనని తనే వెళ్ళి వాటిమీద గడ్డి చల్లింది. ఎందుకు చల్లిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి అర్థం కాలేదు. ఇంటి గుట్టు దాచడం కోడలి పని అని చిన్నప్పట్నుంచీ విని విని, చేతులే ఆ పని చేసేస్తాయి కాబోలు.

* * *

మంగళవారం ఎర్మెక్ తల్లినీ భార్యనీ కారులో జిల్లా ఊరికి తీసుకొచ్చి, పాత ఆసుపత్రి భవనం ముందు దింపి, లోపలికి రాకుండా బానెట్ తెరిచి ఇంజనులోకి తొంగిచూస్తూ నిలబడ్డాడు. ఇంజనుకి ఏ జబ్బూ లేదు.

గదిలో పొడుగాటి బల్ల వెనక నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో ఆవిడ పెద్ద డాక్టరు క్లారా ఇసాకొవ్నా. కిటికీ పక్కన, విడిగా, చిన్న కుర్చీలో దమీరా. ఐబీకేని నేలమీద పరిచిన చాపమీద కూచోబెట్టగానే, క్లారా ఇసాకొవ్నా కళ్ళజోడు పైకి నెట్టి మొహమంతా నవ్వు చేసుకుంది.

"అరే, ఈ పిల్ల నాకు తెలుసే! మొన్న మా మరదలి ఫోన్లో చూశా. బంధం కోస్తే ఎంత చక్కగా నడిచిందీ! మీరేనా బత్మా ఎజె? బాగా చేశారు పండగ."

అక్కని పిలిచినట్టు ఎజె అన్నందుకు బత్మా గడ్డం కింద శాలువా ముడి సరిచేసుకుంది.

"అది..." అంది బూరుల్.

"మరి నడిచే పిల్లని ఇక్కడికెందుకు తెచ్చారమ్మా? బయట చూడు, వరండా నిండా జనం. మెడ నిలపలేని పిల్లలున్నారు. మాటలు లేటు, అంతేగా? వస్తాయి. మా తమ్ముడికి నాలుగేళ్ళదాకా రాలేదు, ఇప్పుడు లాయరు."

బల్ల వెనక ముగ్గురూ నవ్వారు. దమీరా నవ్వలేదు.

"క్లారా ఇసాకొవ్నా, నేను చలికాలంలో చూశాను," అంది దమీరా. "అప్పటికి ఏదైనా పట్టుకుని కూడా లేవలేదు. ఒక్కసారి కిందకి దిగి చూస్తే..."

"చలికాలం చలికాలమే, వసంతం వసంతమే. పిల్లలు ఒక్కరోజులో లేస్తారు." ఆవిడ బూరుల్ వైపు కాదు, పెద్దావిడ వైపు తిరిగింది. "ఏం ఎజె, నడుస్తోందా లేదా? మీరు చెప్పండి, ఇంటికి పెద్దవారు."

ఐబీకే చాపమీద కూర్చుని తన మేజోడు లాక్కుంటోంది. బూరుల్ అత్తగారి మొహంలోకి చూడలేదు, చూడకూడదు కూడా. ఆవిడ చేతుల్నే చూసింది. ఒడిలో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న ఆ చేతులు కదల్లేదు.

"నడుస్తుంది," అంది బత్మా. "ఇంట్లో నడుస్తుంది. కొత్తవాళ్ళ ముందు సిగ్గు."

బూరుల్ నోరు తెరిచింది. నలుగురిలో అత్త మాట కాదన్న కోడలి కథ మా ఊళ్ళో ఆమె మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. మింగలేక, కక్కలేక, తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"చూశావా అమ్మాయ్? పెద్దవాళ్ళ మాట విను. మంచు పడ్డాక తీసుకురా, అప్పటికీ మాటలు రాకపోతే చూద్దాం. తర్వాతివాళ్ళని పిలవండి."

మంచు పడేనాటికి మూడేళ్ళు దాటిపోతాయని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు.

వరండాలో దమీరా వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేసింది. బత్మా అప్పటికే మెట్లు దిగుతోంది.

"బూరుల్, శుక్రవారం సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటారు. మళ్ళీ పిలిపించడం వరకూ నా చేతిలో పని. కానీ వాళ్ళు నా మాట వినరు, నీ మాటా వినరు. ఇంటి పెద్ద నోటితో ఒక మాట వచ్చేసింది. దాన్ని ఆ నోరే వెనక్కి తీసుకోవాలి."

"ఆవిడ తీసుకోదు ఎజె."

"మరి నువ్వే చెప్పాలి. వింటారో లేదో తెలీదు. చెప్పకపోతే మాత్రం నేను మీ గడప తొక్కడానికి ఉండదు."

* * *

బుధవారమంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తివాచీ కుట్టారు. వేసవిలో పచ్చికబయళ్ళకి వెళ్ళేలోగా అది పూర్తి చెయ్యాలి. ఎర్ర ఉన్నిలో కోసిన పొట్టేలు కొమ్ముల ఆకారాల్ని నల్ల ఉన్నిలో పొదిగి, అంచుల వెంట కుట్టుకుంటూ రావాలి. ఉన్ని మందం. సూది ఒకవైపు నుంచి గుచ్చి, అరచేతికి కట్టిన తోలుతో నెట్టి, రెండోవైపు పళ్ళతో పట్టి లాగాలి. ఒకరు ఆ మూల నుంచి, ఒకరు ఈ మూల నుంచి. మామూలుగా అయితే బత్మా నోరు సూదికంటే చురుగ్గా నడిచేది, ఊళ్ళో ఎవరి ఆవు ఎవరి దొడ్లో ఈనిందో అన్నీ చెప్పేది. ఆవేళ మాట లేదు.

ఐబీకే ఇద్దరి మధ్యా తివాచీ మీద పొట్టమీద పాకుతోంది. కాళ్ళు ఈడ్చుకుంటూ, మోచేతులతో. దారపు ఉండ దొర్లి కాస్త దూరం పోయింది. పిల్ల చెయ్యి చాపింది, అందలేదు. బత్మా చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది అందిద్దామని. "వెంటనే అందివ్వకండి, కాస్త ఆగండి, తనే ప్రయత్నిస్తుంది" అని దమీరా చలికాలంలో చెప్పి వెళ్ళింది. అప్పుడు బత్మా "పరాయి పిల్లకైతే ఆగొచ్చు" అని కసిరింది. ఇప్పుడు ఆ చెయ్యి మధ్యలో ఆగింది. పిల్ల మూలిగింది, ఒక మోచెయ్యి మీద బరువేసి ఒరిగింది, ఉండ అందుకుంది.

బత్మా వంగి సూది వెతుక్కుంది. సూది ఆవిడ చేతిలోనే ఉంది.

సాయంత్రం పశువులపాకలో పాలు పితుకుతూ బూరుల్ భర్తని పట్టుకుంది.

"పాప నాన్నా, రేపు నువ్వు వచ్చి ఒక్కమాట చెప్పు. కొడుకువి, నువ్వు చెప్తే వింటారు."

ఎర్మెక్ పారమీద గడ్డం ఆనించాడు. "ఏమని చెప్పను? మా అమ్మ అబద్ధమాడిందని నలుగురిలో చెప్పనా?"

"పిల్ల నడవదని చెప్పు."

"రెండూ ఒకటే కదా."

"ఒకటే. అయితే ఏంటి? నీ కూతురు పదేళ్ళొచ్చినా మోచేతుల మీద పాకితే అప్పుడు నలుగురూ లేరా?" ఆవు బెదిరి కాలెత్తింది. బూరుల్ బకెట్ పక్కకి లాగింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఎన్నాళ్ళు మోస్తారు మీరంతా?"

భర్తతో ఆమె అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. ఎర్మెక్ చుట్టూ చూశాడు, పాక పొట్టి గోడకి అవతల పిడకల గుట్ట దగ్గర తల్లి నిలబడి ఉండడం కనబడింది. గంపలోకి పిడకలు ఎత్తుతోంది. ఎప్పట్నుంచి ఎత్తుతోందో తెలియదు.

"మెల్లిగా," అన్నాడు.

"రేపు నేను వ్యాన్లో వెళ్తాను," అంది బూరుల్, మెల్లిగా కాకుండానే. "నేనే చెప్తాను. తర్వాత నన్ను ఇంట్లో ఉంచుకుంటారో లేదో మీ ఇష్టం."

గోడ అవతల గంప ఎత్తుకున్న చప్పుడైంది. అడుగులు ఇంటివైపు వెళ్ళిపోయాయి.

* * *

గురువారం పొద్దున్నే బూరుల్ పిల్లకి రెండు జతల మేజోళ్ళు తొడిగి, వీపున కట్టుకుని బయటికొచ్చింది. వ్యాను ఆగే చోట బత్మా అప్పటికే నిలబడి ఉంది. చావులకీ పెళ్ళిళ్ళకీ మాత్రమే తీసే శాలువా తలకి కట్టుకుంది. బూరుల్ అలవాటు కొద్దీ తల వంచి సలాం పెట్టింది. అడ్డుపడడానికి వచ్చిందా? పిల్లని లాక్కుని వెనక్కి పోతుందా?

"పిల్లని ఇటివ్వు, వీపు నొప్పి పుడుతుంది," అంది బత్మా. అంతే.

దారంతా ఆవిడ కిటికీలోంచి నదినే చూసింది. ఐబీకే ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది. బూరుల్ చెప్పవలసిన మాటలు లోలోపల కూడబలుక్కుంది. మర్యాద తప్పకుండా నిజం చెప్పే దారి కోసం ప్రతి వాక్యాన్నీ తిప్పి తిప్పి చూసింది. అలాంటి వాక్యం ఒక్కటీ దొరకలేదు.

దమీరా మాట నిలబెట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలకి ముందు పిలిపించింది.

"మళ్ళీ ఏంటమ్మా?" క్లారా ఇసాకొవ్నా టీ గిన్నె పక్కకి జరిపింది. "మంచు అప్పుడే పడిందా?"

బూరుల్ చాప పక్కన నిలబడింది. "మా పాప నడవదు," అంది. గొంతు తనకే సన్నగా వినిపించింది. "నడవలేదు ఎప్పుడూ. ఆ వీడియోలో... ఆరోజు... మా అపా..."

"ఆగు," అంది బత్మా.

అయిపోయింది అనుకుంది బూరుల్.

"నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే కోడలు అత్తమీద చాడీ చెప్పినట్టు ఉంటుంది. రేపు ఊళ్ళో నీకు తలెత్తుకునే వీలుండదు. నేను చెప్తా." బత్మా కోటు విప్పి కుర్చీమీద పడేసింది. లోపల వేసుకున్న చొక్కా చేతులు మోచేతులదాకా మడుచుకుంది. ఐబీకే కోటు కూడా విప్పింది. తర్వాత వెనకనుంచి వంగి, అందరికీ కనబడేట్టు చంకల కింద రెండు చేతులూ వేసి పిల్లని లేపింది. చాపమీద రెండు అడుగులు నడిపించింది. ఐబీకే కాళ్ళు నేలమీద గీరుకున్నాయి. "ఆవేళ ఇట్లా నడిచింది. మీ మరదలి ఫోన్లో చూసింది ఇదే. ఇప్పుడు కూడా ఫోన్లు తియ్యండి. ఇది కూడా పంచండి అందరికీ."

ఎవరూ ఫోను తియ్యలేదు.

బత్మా వేళ్ళు మెల్లిగా వదులు చేసింది. పిల్ల మోకాళ్ళు మడతపడ్డాయి, నడుం ఒరిగింది. చేతులు ఇంకా దగ్గరే ఉన్నాయి, పడనివ్వలేదు, కాని నిలబెట్టనూ లేదు. ఐబీకే చాపమీద కూలబడి, ఏం జరిగిందన్నట్టు పైకి చూసి, ఎత్తుకోమని చేతులు చాపింది.

"బరువంతా నా చేతుల్లోనే ఉంది," అంది బత్మా. "గురిగింజంతైనా దాని కాళ్ళమీద లేదు. ఆవేళే తెలిసింది నాకు. బంధం కోసినా కాళ్ళు కదల్లేదు. తెలిసీ జనం చప్పట్లు కొడుతుంటే చేతులు తియ్యలేకపోయా."

"మరి మంగళవారం నేను అడిగినప్పుడు?" క్లారా ఇసాకొవ్నా గొంతులో చిరాకు ఉంది, ఇంకేదో కూడా ఉంది. "అంత సూటిగా అడిగాను కదా ఎజె!"

"మంగళవారం నాకు మనవరాలికంటే నా పరువే ఎక్కువైంది."

బూరుల్ ఏడవకూడదనుకుంది. ఏడ్చింది. చెంపలు తుడుచుకోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడింది. ఈ మనిషి గీసిన గీత దాటకుండా ఐదేళ్ళు బతికింది, ఈ మనిషిమీద నిన్న రాత్రంతా పళ్ళు నూరింది. ఇప్పుడు ఆ మడిచిన చొక్కా చేతుల కింద సన్నటి మణికట్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

క్లారా ఇసాకొవ్నా కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తప్పయిందని అనలేదు. అలాంటివాళ్ళు అనరు. కుర్చీ వెనక్కి నెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బల్ల అంచు పట్టుకుని మూలుగుతూ చాపమీదకి దిగింది. మోకాళ్ళు పటపటమన్నాయి. ఐబీకే కాలు చేతిలోకి తీసుకుని, మడమ వంచింది, మోకాలు వంచింది, పాదం కింద వేలితో గీసింది. బల్లమీదున్న చెంచా అందుకుని పిల్లకి కాస్త దూరంలో పెట్టింది.

ఐబీకే చెయ్యి చాపింది. అందలేదు. మూలిగింది. బూరుల్ పాదం అసంకల్పితంగా ముందుకు పడబోయింది. బత్మా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు," అంది చెవిలో. "తీసుకుంటుంది."

గదంతా ఆ చెంచా వైపే చూసింది. పిల్ల ఒక మోచెయ్యి మీద బరువేసి ఒరిగి, ఈడ్చుకుని, చెంచా పట్టుకుంది.

"దమీరా," అంది క్లారా ఇసాకొవ్నా తలెత్తకుండానే, "సోమవారం నుంచి వెళ్ళగలవా వీళ్ళ ఊరికి?"

"వెళ్తాను," అంది దమీరా.

"నన్ను లేపండి ఎవరైనా."

బత్మాయే చెయ్యి అందించింది.

* * *

తిరుగు వ్యానులో జనం కిక్కిరిసి ఉన్నారు. పిండి బస్తాల మధ్య చోటు చేసుకుని కూర్చోగానే ముందు వరసలోంచి తాజికాన్ మొహం ఇటు తిరిగింది. సంతకి వచ్చినట్టుంది, ఒళ్ళో సంచులున్నాయి.

"బత్మా! కమిషన్‌కా? మొన్న నడిచిందిగా పిల్ల, ఇంకా ఏం కమిషను? వెళ్ళి రమ్మన్నారా?"

వ్యానంతా విన్నది. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు, చెవులు మాత్రం ఇటే పెట్టుకుని. బూరుల్ అలవాటు కొద్దీ తల దించుకుంది. డాక్టర్ల ముందు చెప్పడం ఒక ఎత్తు. వాళ్ళు పొరుగూరివాళ్ళు. ఇది మన వీధి.

బత్మా శాలువా ముడి ముట్టుకోలేదు.

"నడవదు తాజికాన్. ఆవేళ నేనే పట్టుకుని నడిపించా. సోమవారం నుంచి ఒకావిడ ఇంటికొచ్చి నేర్పుతుంది, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నువ్వూ వచ్చి చూద్దువుగాని. ఫోను ఇంట్లో పెట్టి రా."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. తాజికాన్ నవ్వలేదు, తిరిగి ఎత్తిపొడవనూ లేదు. ముందుకి తిరిగి కూర్చుంది. వ్యాను వంతెన దాటింది, గుట్ట ఎక్కింది. ఆవిడ మళ్ళీ వెనక్కి తిరిగింది. ఈసారి బత్మాని కాదు, బూరుల్‌ని చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"అమ్మాయ్, ఆవిడ మాటలు రానివాళ్ళకి కూడా నేర్పుతుందా?"

"నేర్పుతుంది ఎజె. ఎవరికి?"

తాజికాన్ పెదాలు తడుపుకుంది. "మా అమ్మాయి కూతురికి. రెండున్నరేళ్ళు. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు. ఎవరైనా వస్తే నిద్రపోతోందని చెప్పి లోపల గదిలో పెడతాం." ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "ఏడాదిగా నిద్రే పోతోంది పాపం."

బత్మా సంచులు దాటి చెయ్యి చాపి ఆవిడ భుజం పట్టుకుంది.

"కమిషన్ రేపు సాయంత్రం దాకా కూర్చుంటుంది," అంది బూరుల్. తనే ముందు మాట్లాడుతున్నానని, అత్తగారు పక్కనుండగా గట్టిగా మాట్లాడుతున్నానని ఆమెకి తట్టనేలేదు. "రేపు దాటితే మళ్ళీ మంచు పడేదాకా లేదు. పొద్దున్నే తీసుకురండి. నేనూ వస్తాను మీతో."

తాజికాన్ కిటికీ బయటికి చూసింది. కూతురి ఊరికి చీలే దారి దగ్గరపడుతోంది. ఆవిడ సంచులు రెండూ ఎత్తి బత్మా ఒళ్ళో పడేసింది.

"ఇవి మా ఇంట్లో ఇచ్చెయ్యి. ఒరే డ్రైవరూ, ఆపరా! ఆపు, ఇక్కడే దిగుతా!"